జనరల్ తురెల్ ఎడమచేతి గ్లౌజు

పోయిన వారం సంచికలో ఫిరంగి పేలింది, బాస్తియాన్ పోయాడు, కొలా ఖైదులో పడ్డాడు. ఆ సంచిక పక్కింటికి వెళ్లి తిరిగిరాని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి దిగుతాను.

పీపాలు చేసుకునేవాళ్ల ఇంట్లో పుట్టి, పద్దెనిమిదో ఏట మామూలు సిపాయిగా ఫిరంగి దళంలో చేరి, నలభై రెండో ఏటికి జనరల్ అయినవాడు ఆన్సెల్మ్ తురెల్. ఇప్పుడు 1812 ఫిబ్రవరి. సైన్యం మొత్తం తూర్పుకు కదలబోతోంది. ఆ సైన్యంలోని ఫిరంగులన్నిటికీ అధిపతిగా తురెల్ పేరు పారిస్‌లో చక్రవర్తి బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే తరువాయి. సరిగ్గా అలాంటప్పుడు, మెస్ నగరం బయట పరీక్షా మైదానంలో, పారిస్ నుంచి వచ్చిన పెద్దల కళ్లముందే పెద్ద ఫిరంగి ఒకటి మందు కూరుతుండగా పేలింది. ముందు నిలబడి కూరుతున్న బాస్తియాన్ రెండు చేతులూ పోయి, మూడో రోజున కన్నుమూశాడు.

ఒకసారి పేల్చిన ఫిరంగి కడుపులో నిప్పురవ్వలు మిగిలిపోతాయి. తడి బ్రష్షు లోపలికి తోసి వాటిని ఆర్పాలి. ఆ తరవాతే కొత్త మందుసంచీ కూరాలి. ఇదంతా అయ్యేవరకూ వెనక ఒకడు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో, మందుకి నిప్పంటించే రంజకపు రంధ్రాన్ని అదిమిపట్టి ఉంచాలి. వాణ్ని దళంలో వేలివాడంటారు. వాడు వేలు తీశాడా, గాలి దూరి రవ్వ రాజుకుంటుంది, కూరేవాడి పని అయిపోతుంది. అందుకే తురెల్ తను కల్నల్‌గా ఉండగా రాసిన నిబంధనల పుస్తకంలో ఒక ముక్క పెట్టాడు: 'కూరుతుండగా ఫిరంగి పేలితే నేరం వేలివాడిది. వేరే విచారణ అక్కర్లేదు.' ఆ వేలివాడు కొలా. శిక్ష, గోడకు నిలబెట్టి కాల్చేయడం.

అలాంటి నిబంధన రాసే అర్హత తురెల్‌కి కాక ఇంకెవరికుంది అనేవారు అందరూ. పదిహేడేళ్ల కిందట మెయిన్జ్ ముట్టడిలో, రెమీ అనే వేలివాడు భయపడి వేలు తీసి పారిపోతే, సార్జంటు తురెల్ తోలు తొడుగైనా లేకుండా ఒట్టి బొటనవేలితో సలసల కాగే రంధ్రాన్ని మూసి సాయంత్రం దాకా ఆ ఫిరంగిని పేల్పించాడు. వేలు ఎముక దాకా కాలిపోయిందట. అప్పట్నుంచీ ఆ ఎడమచేతికి నల్ల గ్లౌజు. ఆ గ్లౌజు చూసే చక్రవర్తి ఆయన్ని కల్నల్ని చేశాడు, ఆ గ్లౌజు చూసే సిపాయిలు సెల్యూట్ కొట్టేటప్పుడు ఇంకో అంగుళం ఛాతీ పెంచేవారు.

ఆ గ్లౌజు కింద వేలికి చిన్న గీత కూడా లేదని మీకు తెలుసు, నాకు తెలుసు, తురెల్‌కి తెలుసు. మెస్ నగరంలో నాలుగో మనిషికి తెలియదనే ఆయన ధీమా.

గురువారం పొద్దున పది గంటలకి నగరంలోని ఆయుధశాలలో, గుర్రాల జీనులు పెట్టే పొడవాటి గదిలో కోర్టు కూర్చుంది. మధ్య కుర్చీలో జనరల్ ఓదిబెర్, లావుపాటి మంచి మనిషి, తురెల్ అంటే పడిచచ్చేవాడు. నేరం మోపిన అధికారిగా తురెల్ ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కొలా తరఫున మాట్లాడ్డానికి లేచినవాడు కల్నల్ మెరివాల్. ఈయన పాత జమీందారీ వంశం, తురెల్ ఎదురుపడితే ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకునే రకం. కొలా మీద ప్రేమతో కాదు, తురెల్ మీద కసితో లేచాడని గదిలో అందరికీ తెలుసు.

"కొలా," అన్నాడు మెరివాల్, "ఆ రోజు కూరేముందు తడి బ్రష్షు పెట్టారా, లేదా?"

కొలాకి ఇరవై ఎనిమిదేళ్లు. ఎడమచేతికి బంతిలా కట్టు. నిద్రలేక కళ్లు పీక్కుపోయాయి. ఆ కళ్లతో ఒక్కసారి తురెల్ వైపు చూసి దించుకున్నాడు. "గుర్తులేదండీ."

"గుర్తులేదా? నిన్ను రేపు కాల్చేస్తారు, అది గుర్తుందా?"

"ఉందండీ."

తురెల్ పెదవి విరిచాడు. 'పిరికివెధవ. నోరు పెగలడం లేదు,' అనుకున్నాడు. అనుకున్నాడే గానీ చంకల కింద చెమట పట్టింది. ఎందుకంటే ఆ రోజు పారిస్ పెద్దలు గడియారాలు తీసి పట్టుకుని, నిమిషానికి మూడు గుళ్లు చూస్తామన్నారు. రెండు గుళ్లయ్యేసరికే ముప్పావు నిమిషం దాటింది. తురెల్ ఫిరంగి దగ్గరికి వెళ్లి, ఎవరికీ వినపడకుండా, "తడి వద్దు, పొడిగానే కూరండి," అన్నాడు. విన్నవాళ్లు ఇద్దరే. బాస్తియాన్ మట్టిలో ఉన్నాడు. కొలా ఇదుగో, గుర్తులేదంటున్నాడు.

"అయితే కట్టు విప్పించండి," అన్నాడు మెరివాల్. "వేలు ముందే తీసేసినవాడికి వేలెందుకు కాలుతుంది? రంధ్రం మీద వేలుండగా పేలితేనే కదా, మంట ఎగదన్ని వేలు కాలేది!"

"అక్కర్లేదు," అని తురెల్ కుర్చీలోంచి లేచాడు. "నిబంధన చదువుకోండి కల్నల్. వేరే విచారణ అక్కర్లేదని అచ్చులో ఉంది. మీ తాతలు వేటకుక్కల పేర్లు రాసుకుంటూ కూర్చున్నప్పుడు మేం నెత్తురుతో రాసుకున్న పుస్తకం అది."

"మీ తాతలు పీపాలకి ఇనప పట్టీలు కొట్టుకునేవారనుకుంటా. ఆ చప్పుడు ఇంకా మీ గొంతులో ఉంది."

"కల్నల్!" అని బల్ల చరిచాడు ఓదిబెర్. "ఇద్దరూ కూర్చోండి. కట్టు ఎవరు కట్టారు?"

"నేను," అంది తలుపు దగ్గర్నుంచి ఒక ఆడగొంతు.

తురెల్ గభాలున తల తిప్పాడు. అది పెర్రిన్ గొంతు. నడుముకి బ్రాందీ పీపా కట్టుకుని, ముప్పై ఏళ్లుగా దళం వెంట బండి తోలుకుంటూ సిపాయిలకి సూపు, బ్రాందీ అమ్ముకునే మనిషి. మెయిన్జ్‌లో పారిపోయాడన్న ఆ రెమీ పెళ్లాం. కాపలావాణ్ని మోచేత్తో పక్కకి నెట్టి తిన్నగా బల్ల దాకా వచ్చేసింది.

"పేరు చెప్పు," అన్నాడు గుమాస్తా.

"ఈ గదిలో నా బ్రాందీ తాగనివాడుంటే వాడికి చెప్తా పేరు."

వెనక బెంచీల మీద నవ్వులు లేచాయి. ఓదిబెర్ కూడా మీసాల్లో నవ్వుకుని, "ఆవిడ నాకు తెలుసులే, రాసుకో," అన్నాడు. "విప్పమ్మా."

తురెల్ వద్దనడానికి నోరు తెరిచేలోపే ఆవిడ వేళ్లు ముడి మీద పడ్డాయి. కట్టు చివరి పొర ఊడుతుంటే కొలా పళ్లు గిట్టకరుచుకున్నాడు గానీ కిక్కురుమనలేదు. వేలు నల్లగా మాడి, కొస దగ్గర ఎముక తేలి ఉంది. ముందు వరసలో ఒక లెఫ్టినెంటు తల తిప్పేసుకున్నాడు.

"ఇదీ వేలు," అంది పెర్రిన్. "ఇది పారిపోయినవాడి వేలా? కళ్లున్నవాళ్లు చూడండి."

తురెల్ గొంతు సవరించుకున్నాడు. ఆయనకి బుర్ర తక్కువేం కాదు. "పేలాక భయపడి, తప్పు దాచుకోవడానికి మళ్లీ పెట్టి ఉంటాడు. వేడెక్కిన కంచు మీద పెడితే కాలదా?"

ఓదిబెర్ దళం డాక్టరు కెస్లర్ వైపు చూశాడు. కెస్లర్ వంగి, కళ్లద్దాలు పైకి నెట్టి, వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంట తగిలిందో, వేడి లోహం తగిలిందో... నేను ఇలాంటిది ఎప్పుడూ చూళ్లేదు. ఒట్టి కంచు మీద కాలిన వేలు ఒకటి పక్కన పెట్టి చూస్తే తేడా చెప్పగలను. అలాంటి వేలు ఎక్కడ దొరుకుతుంది?"

"ఎక్కడో ఎందుకయ్యా!" అని ఓదిబెర్ మొహం వెలిగిపోయింది. "ఫ్రాన్స్ మొత్తంలో పేరున్న వేలు మన మధ్యనే ఉంది. తురెల్ గారూ, మీ గాయం మేమెవరం చూసిన పాపాన పోలేదు. ఇవాళ చూపిస్తే డాక్టరుకి పనీ అవుతుంది, మాకు పుణ్యమూ దక్కుతుంది."

గదిలో చప్పట్లు మోగాయి. సిపాయిలు ముందుకు వంగారు. మెరివాల్ కూడా కుతూహలంగా చూస్తున్నాడు పాపం, వాడికీ ఏమీ తెలియదు. ఒక్క పెర్రిన్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా తురెల్ మొహం చూస్తోంది.

తురెల్ టోపీ తీసుకుని లేచాడు. "భోజనాల తరవాత," అన్నాడు.

పెరట్లో సూపు కుండల్లోంచి ఉల్లిపాయల వాసన వస్తోంది. తురెల్ అటు వెళ్లలేదు. తిన్నగా కమ్మరి కొట్టంలోకి నడిచి, అక్కడున్నవాళ్లని, "పొండి, తిని రండి," అని తరిమేశాడు. కొలిమిలో ఇనప కడ్డీ ఒకటి ఎర్రగా ఉంది. ఆయన ఎడమచేతి గ్లౌజు బొత్తాం మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

ఏ బొంకూ మొదట ఇంత పెద్దగా ఉండదు. ఆ చలికాలం మెయిన్జ్‌లో నీళ్ల బక్కెట్టు గడ్డకట్టింది. అప్పుడూ ఇదే మాట, "పొడిగానే కూరండి." కూరేవాడు పోయాడు. రెమీ వేలు తీయలేదు. మంట తగిలి వేలు కాలాకే, అరుచుకుంటూ పోయి చెయ్యి మంచులో దూర్చుకున్నాడు. తురెల్ ఇంకో తోలు తొడుగు వేసుకుని వాడి చోట నిలబడి చీకటి పడేదాకా పేల్చాడు. అది నిజమే, ఆ సాయంత్రం ఆయన పులిలాగే పోరాడాడు. కెప్టెన్ వచ్చి, "వేలివాడేడీ?" అన్నాడు. "పారిపోయాడు," అన్నాడు తురెల్. "మరి ఎవరు మూశారు? నువ్వా? ఒట్టి వేలితోనా?" అని కెప్టెన్ కళ్లు పెద్దవి చేసుకున్నాడు. తురెల్ తల ఊపాడు. అంతే. ఆ ఒక్క తల ఊపు మీద ఒక జనరల్ తయారయ్యాడు. మర్నాడు దళమంతా చూస్తుండగా రెమీ కోటుకున్న బొత్తాలు కోసేసి, డప్పులు కొట్టి వెళ్లగొట్టారు.

"కాల్చుకో, కాల్చుకో. మొహమాటపడకు."

తురెల్ గిర్రున తిరిగాడు. గుమ్మంలో పెర్రిన్ నిలబడి ఉంది.

"బయటికి పో!"

"పోతాలే సార్జంటూ. చూసి పోదామని. కొత్తగా కాలినదానికీ, పదిహేడేళ్ల మచ్చకీ తేడా ఆ కెస్లర్‌కి తెలీదనుకున్నావా? వాడు గాడిదే గానీ అంత గాడిద కాదు."

"జనరల్ గారూ అనాలి నువ్వు నన్ను."

"అనను. నా కుండలో సూపు తాగి, నా శాలువా కొంగుకి మూతి తుడుచుకున్నవాడివి. అప్పుడు రాజులు పోయిన రోజులు, అందరం అందరికీ నువ్వే. తరవాత చక్రవర్తి వచ్చి మిమ్మల్ని గార్లని చేశాడు, నా నాలుకని చెయ్యలేదు."

"ఏం కావాలి నీకు?"

"నా మొగుడి వేలికి కట్టు కట్టింది నేను. ఎముక కనపడింది. పారిపోయినవాడికి వేలెలా కాలిందిరా అని పదిహేడేళ్లుగా నన్ను నేను అడుక్కుంటున్నా. జవాబు ఒక్కటే వస్తోంది, కాలింది నీ వేలు కాదని. ఎవడితో చెప్పను? బ్రాందీ అమ్ముకునే దాని మాట నమ్మి నీ గ్లౌజు ఎవడు విప్పుతాడు? ఇవాళ వాళ్లే విప్పమంటున్నారు, నేను అడక్కుండానే." ఆవిడ రెండడుగులు దగ్గరికి వచ్చింది. "లోపలికెళ్లి తడి వద్దన్నది నువ్వేనని చెప్పు. కొలా బతుకుతాడు. నీ గ్లౌజు సంగతి నేనెత్తను."

తురెల్ లెక్క వేసుకున్నాడు. ఎంత చవక బేరం! కానీ ఒప్పుకుంటే పారిస్ బల్ల మీద సంతకం పడదు. ఎక్కడో ఒక పల్లెటూళ్లో, పింఛను జనరల్‌గా, ద్రాక్షతోట చూసుకుంటూ చావాలి.

"నీకు ఎవరు చెప్పారు, తడి వద్దన్నానని?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. కొలా చెప్పలేదు కూడా, చచ్చినా చెప్పడు వెర్రివెధవ. మెయిన్జ్‌లో పొడిగా కూరించావని నా మొగుడు చెప్పాడు. రెమీని ఎలా చంపావో తెలుసు కాబట్టి బాస్తియాన్‌ని ఎలా చంపావో తెలుసు. నీకు ఇంకో విద్య రాదు."

"ఛీ! దిక్కుమాలినదానా," అని తురెల్ కడ్డీని పట్టకారుతో లాగి మళ్లీ కొలిమిలోకి విసిరికొట్టాడు. నిప్పులు ఎగిరిపడ్డాయి. "నీ తాగుబోతు మొగుడు గడ్డివాములో చచ్చాడు. నేను చంపలేదు. నేను లేకపోతే ఆ రోజు ఆ ఫిరంగే లేదు, ఆ దళమే లేదు. వెళ్లి చెప్పుకో, ఎవడు నమ్ముతాడో చూస్తా!"

పెర్రిన్ మొహం పాలిపోయింది. శాలువా కొంగు ముడిలో ఏదో ఉన్నట్టు దాన్ని గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది.

డప్పు మోగింది. కోర్టు మళ్లీ కూర్చుంది.

తురెల్ లోపలికి నడిచి, కూర్చోకుండానే మాట్లాడాడు. "నా గాయం నాది. సంతలో బొమ్మలా దాన్ని పదిమంది ముందు పెట్టను. నన్ను బలవంతం చేసే హక్కు ఈ కోర్టుకి లేదు."

ఓదిబెర్ మొహం ఎర్రబడింది. కోపంతో కాదు, సిగ్గుతో. "క్షమించండి తురెల్ గారూ. మాదే తొందరపాటు. అంతటి గాయాన్ని చూపించమనడం..." అని కెస్లర్ వైపు తిరిగాడు. "మరి అది లేకుండా నువ్వు ఖాయంగా చెప్పగలవా?"

"చెప్పలేనండీ."

"అయితే పుస్తకం చెప్పిందే మిగిలింది." ఓదిబెర్ పక్కనున్న ఇద్దరు అధికారులతో గుసగుసలాడాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మెరివాల్ ఏదో అరుస్తున్నాడు, ఎవరూ వినలేదు. "కొలా, రేపు పొద్దున ఎనిమిది గంటలకి. చెప్పుకునేది ఏమైనా ఉంటే చెప్పుకో."

తురెల్ మెల్లగా ఊపిరి వదిలాడు. గెలిచాడు. పాతికేళ్లుగా ప్రతి యుద్ధంలో గెలిచినట్టే గెలిచాడు.

కొలా లేచి నిలబడ్డాడు. "పెద్దగా ఏం లేదండీ. మాది వోజ్ కొండల్లో ఊరు. చిన్నప్పుడు మా ఊళ్లో దిగిన సిపాయిలు జనరల్ గారి వేలు కథ చెప్పారు. అది విన్నాకే ఫిరంగి దళంలో చేరాను. వేలివాడి పనే కావాలని అడిగి మరీ తీసుకున్నా. ఆ రోజు పేలినప్పుడు..." మాడిన వేలి వైపు చూసుకున్నాడు. "మంట తగిలినప్పుడు తీసేద్దామనిపించిందండీ. నిజంగా అనిపించింది. ఆయన తీయలేదు కదా, నేనెలా తీస్తాననుకున్నా. తీయలేదు. ఆయన నమ్మకపోయినా పర్లేదు. ఆయనకి తెలియాలని చెప్తున్నానంతే."

"నోరు ముయ్యి!" అని అరిచాడు తురెల్.

గది ఉలిక్కిపడింది. కొలా నోరు మూసుకున్నాడు, కానీ చూపు మాత్రం తిప్పలేదు. ఆ చూపులో ఇప్పటికీ కోపం లేదు, అదే తురెల్‌కి భరించరానిదయింది. పదిహేడేళ్లుగా ఎంతమంది ఆ గ్లౌజుని ఇలా చూశారో! వాళ్లలో ఒకడు నిజంగానే వేలు పెట్టి ఎముక దాకా కాల్చుకుంటాడని ఆయనకి ఏనాడూ తట్టలేదు. లేని గాయాన్ని చూసి వీడు ఉన్న వేలు కాల్చుకున్నాడు.

"నోరు ముయ్యమన్నానా! నీలాంటి మూర్ఖుడి వల్లే..." అంటూనే ఉన్నాడు, కుడిచెయ్యి ఎడమచేతి బొత్తాం విప్పుతోంది. తోలు బిగుసుకుపోయి రాలేదు. పళ్లతో లాగాడు. గ్లౌజు ఊడివచ్చింది. దాన్ని ఓదిబెర్ ముందు బల్ల మీద విసిరికొట్టి, పక్కనే అరచెయ్యి పరిచాడు.

బొటనవేలు ఎండ తగలక పాలిపోయి, చంటిబిడ్డ వేలిలా నున్నగా ఉంది.

కెస్లర్ కళ్లద్దాలు పైకి నెట్టి, మళ్లీ కిందికి దించాడు. మెరివాల్ చేతిరుమాలు నేలమీద పడిపోయింది.

"గుమాస్తా, రాసుకో," అన్నాడు తురెల్. గొంతు ఇంకా కరుగ్గానే ఉంది, ఎవరినో తిడుతున్నట్టే ఉంది. "తడి వద్దు, పొడిగా కూరమన్నది నేను. వీడు విన్నాడు, చెప్పలేదు. వీడు వేలు తీయలేదు. వీడి మీద నేరం లేదు. వీణ్ని వదిలేయండి, ముందు నా కళ్లముందు నుంచి తీసుకుపోండి!"

కొలా కదల్లేదు. ఆ నున్నటి వేలి వైపే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కాసేపటికి మొహం అటు తిప్పేసుకున్నాడు. పదిహేడేళ్ల సెల్యూట్లన్నీ ఆ ఒక్క తల తిప్పుడుతో వెనక్కి పోయినట్టనిపించింది తురెల్‌కి.

పెర్రిన్ బల్ల దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. గ్లౌజు పక్కన ఒక పాత తోలు తొడుగు పెట్టింది. బొటనవేలంత ఉంది, కొస కాలి గుండ్రంగా చిల్లుపడి ఉంది.

"ఇది నా మొగుడిది. కొలా సంగతి అయింది. ఇప్పుడు రెమీ సంగతి చెప్పు."

ఓదిబెర్ పెద్దమనిషి మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "తురెల్," అన్నాడు, ఈసారి గారు లేదు. "మెయిన్జ్‌లో వేలు తీసి పారిపోయినవాడు ఎవరు?"

తురెల్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తలుపు దబదబా మోగింది. "జనరల్ తురెల్ గారికి పారిస్ నుంచి జాబు!" అని బయట్నుంచి కేక వినపడింది. "చక్రవర్తి గారి సంతకంతో! ఇప్పుడే ఆయన చేతికివ్వాలట!"

గదిలో తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. తురెల్ తల అందరికంటే ముందు తిరిగింది. పెర్రిన్ ఆయన కళ్లలోకి వచ్చిన ఆశ చూసింది. నాలుగంగల్లో తలుపు దగ్గరికి పోయి, గడియ బిగించి, బ్రాందీ పీపాతో సహా దానికి వీపు ఆనించి నిలబడింది.

"చక్రవర్తిని కాసేపు ఆగమను," అంది. "నువ్వు చెప్పు సార్జంటూ."